చెప్పిన మాటే రాసివ్వండి: పాత కార్ల డీలర్లకు బహిరంగ లేఖ

పాత కార్లు కొని అమ్మే డీలర్లందరికీ నమస్కారం.

మీలో ఒకరి దగ్గర నేను కారు కొన్నాను. ఎవరి దగ్గరన్నది రాయను, ఆ ఒక్క మనిషి గురించి కాదు ఈ ఉత్తరం. ఆ తర్వాత ఈ ఆరేళ్ళలో స్నేహితులకో చుట్టాలకో తోడుగా మీ యార్డులకు పాతికసార్లయినా వచ్చి ఉంటాను. బోర్డులు వేరు, మనుషులు వేరు, మాటలు మాత్రం అవే. "సింగిల్ ఓనర్ బండండీ." "ఇంజన్ మీద చెయ్యి పడలేదు." "ఎక్కడా తగల్లేదు, కావాలంటే చూసుకోండి." "ఏ ఇబ్బందొచ్చినా నేనున్నాను కదా." ఈ మాటల్లో ఒక్కటైనా రసీదు మీద రాసి ఉండగా నేను ఇంతవరకు చూడలేదు. మీతో నాకున్న తగువంతా అక్కడే ఉంది.

ముందు నా సంగతి చెబుతాను. మా నాన్నగారికి డయాలసిస్ మొదలైన కొత్తలో మాట ఇది. వారానికి మూడు రోజులు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగేసి గంటలు. వెళ్ళేటప్పుడు ఎలాగో వెళ్ళిపోయేవాళ్ళం. తిరిగొచ్చేటప్పుడు ఆయనకు కాళ్ళలో సత్తువ ఉండేది కాదు. బండి దొరికేదాకా ఆసుపత్రి గేటు ఊచ పట్టుకుని నిలబడేవారు. అది చూడలేకే కారు కొనాలనుకున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి మీ దగ్గరికి వచ్చాను.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "కారు ఎందుకండీ, ఎంత తొందర్లో కావాలి?" అని అడిగారు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాన్నగారి సంగతి, సోమవారం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలన్న సంగతి, అన్నీ. ఆ తర్వాత చూపించిన కారు తెల్లగా మెరిసిపోతోంది. అప్పటికే ఇంజన్ ఆన్ చేసి ఉంది. "మీరొస్తున్నారని ఏసీ వేసి చల్లబరిచాం" అన్నారు. మర్యాదగా ఉన్నారనుకున్నాను. లోపల సెంటు వాసన ఘాటుగా ఉంది, సీట్ల మీద కొత్త కవర్లు, కింద కొత్త మ్యాట్లు. "మా మెకానిక్‌కి ఒకసారి చూపిస్తానండీ" అన్నాను. "ఇన్సూరెన్సు వాళ్ళు బండి బయటికి పంపనివ్వరండీ. పైగా సాయంత్రం ఇంకో పార్టీ అడ్వాన్సుతో వస్తున్నారు, మీ నాన్నగారి సంగతి విన్నాను కాబట్టి మీకు ముందు చెబుతున్నాను" అన్నారు. అడ్వాన్సు కట్టేశాను.

మూడో నెలలో ఎడమవైపు కిటికీ అద్దం కిందికి దిగి పైకి రాలేదు. తర్వాత ఓ వారం హారన్ దానంతటదే మోగేది. అక్కడా ఇక్కడా తీగలు సరిచేయించాం. ఆ తర్వాత ఒకరోజు నాన్నగారిని ఆసుపత్రి నుంచి తీసుకొస్తుంటే డాష్‌బోర్డులోని లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, బండి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనకాల హారన్లు. నాన్నగారు వెనకసీట్లో కళ్ళు మూసుకుని ఉన్నారు.

బండిని షెడ్డుకు లాక్కెళ్తే, మెకానిక్ బానెట్ కూడా ఎత్తలేదు. ముందు తలుపు తీసి డ్రైవరు సీటు బెల్టును లాగడం మొదలుపెట్టాడు. మనం రోజూ లాగేది మూరెడో రెండు మూరలో ఉంటుంది. అతను ఇంకా లాగాడు, ఇంక రానంత దాకా లాగాడు. ఆ చివరి జానెడు మేర బెల్టు మీద గోధుమరంగు మడ్డి చార ఉంది, అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు. "ఇక్కడిదాకా వచ్చాయి నీళ్ళు" అన్నాడు. తర్వాత మ్యాటు తీసి, కింది కార్పెట్టు ఎత్తి చూపించాడు. వైర్ల జాయింట్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సీటు కింద బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. అన్నీ తుడవగలిగారు, కవర్లు మార్చగలిగారు, బెల్టు లోపలి చుట్టలో ఉన్న మట్టి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

నీళ్ళలో మునిగిన కారు వెంటనే చావదు, అదే దాంట్లో ప్రమాదం. ఆరబెడితే నడుస్తుంది, టెస్ట్ డ్రైవులో చక్కగా పోతుంది. తేమ లోపల ఉండిపోయి ఒక్కో జాయింటునూ నెమ్మదిగా తినేస్తుంది. బ్రేకుల కంప్యూటరు, ఎయిర్‌బ్యాగు సెన్సర్లు అన్నీ ఆ వైర్ల మీదే ఆధారపడి ఉంటాయి. ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందో లేదో ఢీకొనేదాకా తెలియదు. నేను అలాంటి కారులో మా నాన్నగారిని మూడు నెలలు తిప్పాను.

డీలరు దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన రసీదు తీసి అడుగున ఉన్న వాక్యం మీద వేలు పెట్టారు. "వాహనం ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడినది." సంతకం నాదే. "ఎక్కడా తగల్లేదు అన్నారు కదా" అంటే, "తగల్లేదనే అన్నాను, మునగలేదని నేనెప్పుడన్నాను?" అన్నారు. "ఏ ఇబ్బందొచ్చినా నేనున్నానన్నారు కదా" అంటే, "ఉన్నాను, మా షెడ్డులో లేబరు ఖర్చు తగ్గించి వేయిస్తాను" అన్నారు. ఇంక నాకు మాట పెగల్లేదు, ఇంటికొచ్చేశాను.

ఆ "ఉన్నది ఉన్నట్టుగా" అన్న వాక్యం గురించి మీతో కాస్త వివరంగా మాట్లాడాలి. ఆ వాక్యం తప్పని నేననను. పాత వస్తువు పాతదే. పదేళ్ళ కారుకి కొత్తకారు హామీ ఇవ్వమని ఎవరూ అడగకూడదు. కాని "ఉన్నది ఉన్నట్టుగా" కొనాలంటే ఉన్నదేమిటో నాకు తెలియాలి కదా. మీకు తెలిసి నాకు తెలియనివ్వనప్పుడు నేను కొన్నది ఉన్నదాన్ని కాదు, మీరు చెప్పినదాన్ని. ధర కూడా మీరు చెప్పినదానికే కట్టాను. మరి బాధ్యత వచ్చేసరికి చెప్పినది గాలికి పోయి, రాసినది ఒక్కటే ఎలా మిగులుతుంది?

ఈ చిక్కు మనకే వచ్చింది కాదు. అమెరికాలో 1985 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం, ఏడాదిలో ఐదుకు మించి పాత కార్లు అమ్మే డీలరు ప్రతి కారు అద్దానికీ ఒక పత్రం అంటించాలి. ఈ కారుకి వారంటీ ఉందా, లేక ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతున్నారా అన్నది అందులో టిక్కు పెట్టి మరీ చెప్పాలి. వారంటీ ఉంటే ఏ భాగాలకు, ఎన్నాళ్ళు, ఖర్చులో డీలరు వాటా ఎంత అన్నదీ రాయాలి. ఆ పత్రంలోనే కొనేవాళ్ళకి రెండు సలహాలు అచ్చువేసి ఉంటాయి. నోటిమాటగా ఇచ్చిన హామీలు నిలబెట్టించుకోవడం కష్టం కాబట్టి అన్నీ రాసివ్వమని డీలరును అడగండి, మీ సొంత మెకానిక్‌తో బండిని పరీక్ష చేయించుకోవచ్చా అని అడగండి, అని. నలభై ఏళ్ళ కిందటే ఒక ప్రభుత్వం ఈ రెండు మాటల్ని కారు అద్దానికి అంటించాల్సి వచ్చిందంటే, నాలాంటి వాళ్ళు అప్పటికే ఎంతమంది అయ్యుండాలి?

బ్రిటన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద, డీలరు అమ్మిన పాత కారైనా సరే వర్ణించినట్టు ఉండాలి, దాని వయసుకీ ధరకీ తగిన నాణ్యతతో ఉండాలి. అలా లేదని తేలితే 30 రోజుల లోపు తిరిగి ఇచ్చేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఆరు నెలల లోపు బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు లెక్క. లేదని రుజువు చేసుకోవలసింది డీలరే. అక్కడ ఇప్పటికీ పాత కార్ల వ్యాపారం జరుగుతూనే ఉంది. రాసిస్తే మునిగిపోతామని మీరు అంటున్నప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

ఇక కారు తిరిగిన కిలోమీటర్లు చూపించే మీటరు. దీని గురించి రాసేటప్పుడు నాకు చెయ్యి వణుకుతుంది, ఎందుకంటే ఇందులో పొరపాటుకు తావే లేదు. మునిగిన కారు సంగతి మీకే తెలియకపోవచ్చు, మిమ్మల్నీ ఎవరో మోసం చేసి ఉండొచ్చు. మీటరు దానంతటది వెనక్కి తిరగదు, ఎవరో తిప్పాలి.

రెండేళ్ళ కిందట ఒక స్నేహితురాలితో కారు చూడటానికి వెళ్ళాను. మీటరు మీద 61,000 కిలోమీటర్లు. నేను అప్పటికి నేర్చుకున్న పద్ధతిలో ముందు పెడల్స్ చూశాను. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు పూర్తిగా అరిగిపోయి, ఒక పక్క లోపలి ఇనుము కనబడుతోంది. స్టీరింగ్ పైభాగం అద్దంలా నున్నగా ఉంది. డ్రైవరు సీటుకి తలుపు వైపు అంచు కుంగిపోయి ఉంది. తర్వాత తలుపు పూర్తిగా తీసి పక్కనున్న పిల్లరు చూశాను. అక్కడ ఆయిలు మార్చినప్పుడు అంటించే సర్వీసు స్టిక్కరు ఒకటి ఉంది, ఎవరో గోటితో గీకేశారు. తేదీ పోయింది, షెడ్డు పేరు పోయింది. అడుగున "తదుపరి సర్వీసు 1,18,000" అన్నది మిగిలిపోయింది. అమ్మే కుర్రాడికి చూపించాను. ఆ అబ్బాయి దాన్ని చూసి, నన్ను చూసి, తలొంచుకున్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. ఆ అబద్ధం తను పుట్టించింది కాదు. తనతో చెప్పించారు. మీ దగ్గర పనిచేసే పిల్లలతో అలాంటి మాటలు చెప్పించకండి.

ఒకప్పుడు మీటరు పళ్ళచక్రాలను వెనక్కి తిప్పాలంటే డాష్‌బోర్డు విప్పాలి. ఇప్పుడు స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో ఒక పరికరం గుచ్చితే నిమిషాల్లో పని అయిపోతుంది. మీటరు వెనక్కి తిప్పడాన్ని అమెరికా 1972లోనే కేంద్ర చట్టంతో నిషేధించింది. అయినా ఏటా 4,50,000కు పైగా కార్లు తప్పుడు రీడింగుతో అక్కడ అమ్ముడవుతున్నాయని అక్కడి రహదారి భద్రతా సంస్థే అంచనా వేసింది. చట్టం ఒక్కటే చాలదన్నమాట. బెల్జియం వేరే దారి పట్టింది. 2006 చివరి నుంచి అక్కడ కారు ఏ షెడ్డులోకి వెళ్ళినా ఆరోజు రీడింగును కేంద్ర రికార్డుకు పంపాలి. పాత కారు అమ్మేవాళ్ళు ఆ రీడింగుల చరిత్రను కాగితం మీద కొనేవాళ్ళ చేతికి ఇచ్చి తీరాలి. కారు-పాస్ అంటారు దాన్ని. ఆ కాగితం వచ్చాక దేశంలో తిరిగే కార్లలో మీటరు తిప్పడం దాదాపుగా ఆగిపోయింది. ఒక్క కాగితం, అంతే.

అలాంటి వ్యవస్థ లేనిచోట మీరే చెయ్యగలిగిన పని ఒకటుంది. రసీదు మీద రీడింగు వేస్తారు కదా, దాని పక్కన "ఇది నిజమైన రీడింగు" అనో, "ఈ రీడింగుకి మేం బాధ్యులం కాము" అనో, రెండింట్లో ఒకటి రాయండి. రెండోది రాస్తే నేను ధర తగ్గించమంటాను. అది న్యాయమైన బేరం. మొదటిది నోటితో చెప్పి రెండోది మనసులో పెట్టుకుంటే అది బేరం కాదు.

మెకానిక్‌కి చూపించుకోనివ్వడం గురించి. "మా దగ్గర రెండు వందల పాయింట్ల చెకింగ్ అయిపోయిందండీ" అని మీరు రంగురంగుల కాగితం చూపిస్తారు. అన్ని గళ్ళలోనూ పచ్చ టిక్కులే. దాన్ని నేను తీసిపారెయ్యను, కొందరు నిజంగానే చేయిస్తారు. కాని అమ్మేవాళ్ళ పరీక్ష అమ్మేవాళ్ళదే. పెళ్ళికొడుకు గురించి పెళ్ళికొడుకు తండ్రిని మాత్రమే అడిగి ఎవరూ సంబంధం ఖాయం చేసుకోరు. నా మెకానిక్ నాకు కావాలి. ఒక గంట చాలు. కారు బయటికి పంపలేకపోతే అతన్నే మీ యార్డులోకి రానివ్వండి. మీ మనిషి పక్కనే నిలబడినా నాకేం అభ్యంతరం లేదు.

అతను వచ్చేటప్పటికి ఇంజన్ చల్లగా ఉండాలి. దీన్ని ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ మొదటిసారి స్టార్టయ్యే పది సెకన్లలో చెప్పే నిజాలు వేడెక్కాక చెప్పదు. ఇంజన్ లోపలి చైను వదులైతే ఆ పది సెకన్లే గలగలలాడుతుంది. వాల్వుల దగ్గర ఆయిలు దిగుతుంటే మొదటి పొగే నీలంగా వస్తుంది. బ్యాటరీ బలహీనమైతే అప్పుడే ఈడుస్తుంది. ఐదు నిమిషాలు నడిపి ఉంచితే ఇవన్నీ సర్దుకుంటాయి. అందుకే ఇప్పుడు నేను ఏ యార్డుకు వెళ్ళినా ముందు బానెట్ మీద అరచెయ్యి పెడతాను. వెచ్చగా తగిలిందంటే రేపు ఉదయం వస్తానని చెప్పి వెనక్కి వచ్చేస్తాను. పాతికసార్లలో సగానికి సగం వెచ్చగానే తగిలింది.

కారు కంప్యూటరు నమోదు చేసుకున్న లోపాల కోడ్లను చదివే స్కానర్ పెట్టనివ్వండి. హెచ్చరిక దీపం వెలగకుండా ఉండటానికి కోడ్లు చెరిపేసి అమ్మడం మీలో కొందరి అలవాటు. చెరిపితే లోపం పోదు, ఆ కారు తన్ను తాను పరీక్షించుకునే లెక్కలు మళ్ళీ మొదటికి వస్తాయి, అంతే. ఆ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్ చెబితే నిన్నో మొన్నో ఎవరో చెరిపారని మాకు అర్థమైపోతుంది. బ్యాటరీ మార్చాం అందుకే అంటారు. నిజమే కావచ్చు. అయితే నాలుగు రోజులు తిప్పి, ఆ పరీక్షలు పూర్తయ్యాక చూపించండి. పెయింటు మందం కొలిచే మీటరు కూడా పెట్టనివ్వండి. కంపెనీ పెయింటు సాధారణంగా వంద నుంచి రెండు వందల మైక్రాన్ల లోపు ఉంటుంది, కింద పుట్టీ పెట్టినచోట అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒక డోరుకి పుట్టీ పెట్టారని నేను కారు వదిలేసి పోను. పెట్టారని ముందే చెబితే ఇంకా నమ్మకంగా కొంటాను.

కారు చాసిస్ నంబరు నేను అడక్కముందే ఇవ్వండి. 17 అక్షరాల నంబరు అది, ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ మూడూ అందులో ఉండవు, ఒకటీ సున్నా అని పొరబడతారని. ఆ నంబరుతోనే, లోపం బయటపడి సరిచెయ్యడానికి కంపెనీ వెనక్కి పిలిచిన కార్లలో ఇది ఉందో లేదో తెలుస్తుంది. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. వాటిని ఉబ్బించే రసాయనం ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ చెడిపోయి, ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు లోపలి డబ్బా పగిలి ఇనుప ముక్కలు మనుషుల మీదికి దూసుకొచ్చాయి. ప్రపంచమంతటా కోట్ల సంఖ్యలో వెనక్కి పిలవాల్సి వచ్చింది, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. మార్చకుండా మిగిలిపోయిన కార్లు చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి. మార్పిడి ఉచితం. అమ్మేముందు కంపెనీ షెడ్డుకు పంపి మార్పించడానికి మీకు పట్టేది ఒక పూట. ఆ ఒక్క పూట విషయంలో ఏ సాకూ నాకు సరైనదిగా తోచదు.

డబ్బు సంగతి. "మొత్తం ధర తర్వాత మాట్లాడుకుందాం, నెలకి ఎంతైతే కట్టగలరో చెప్పండి" అని మీరు మొదలుపెడతారు. నెలనెలా కట్టే వాయిదా చిన్నగా కనబడాలంటే నెలలు పెంచితే చాలని మీకు తెలుసు. లెక్క చూడండి. వంద అప్పు ఏడాదికి 12 శాతం వడ్డీకి తీసుకుని మూడేళ్ళలో తీరిస్తే నెలకి 3.32 చొప్పున మొత్తం దాదాపు 120 కడతాం. అదే ఆరేళ్ళకు చేస్తే నెలకి 1.96 మాత్రమే, వినడానికి హాయిగా ఉంటుంది, కట్టేది మాత్రం దాదాపు 141. వడ్డీ రెట్టింపయింది. పైగా ఆరేళ్ళు పూర్తయ్యేసరికి ఆ పాత కారు విలువ ఎంత ఉంటుంది? వడ్డీలో మీకు వాటా వస్తుందన్న సంగతి కొనేవాళ్ళలో చాలామందికి తెలియదు. వడ్డీ ఎంత ఎక్కువ వేయిస్తే డీలరుకు కమీషను అంత పెరిగే పద్ధతిని బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ 2021 జనవరిలో నిషేధించింది. మీరు కమీషను తీసుకోండి, మీ శ్రమ మీది. "ఈ అప్పు ఇప్పించినందుకు మాకు ఇంత వస్తుంది" అని మాత్రం ఒక వరుస రాయండి. ధర, వడ్డీ, కాగితాల ఖర్చు, అడక్కుండా చేర్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ, పాలిష్, కోటింగ్, అన్నీ విడివిడిగా ఒకే పేజీలో, అడ్వాన్సు తీసుకోకముందే. సంతకం పెట్టే బల్ల దగ్గర కొత్త వరుసలు పుట్టకూడదు.

మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను న్యాయంగా మాట్లాడినట్టు కాదు. మీరు వేలంలో కారు కొనేటప్పుడు పరీక్షించుకోవడానికి మీకు దొరికేది కొన్ని నిమిషాలే అని నాకు తెలుసు. పాత కారు మీకు అమ్మేసే మామూలు మనుషులు కూడా గేరుబాక్సు మూలుగుతోందని చెప్పరు, చెప్పకుండానే తాళాలిచ్చి వెళ్ళిపోతారు. బండి యార్డులో నిలబడ్డ ప్రతి రోజూ పెట్టుబడికి వడ్డీ, స్థలానికి అద్దె, జీతాలు. కొనేవాడు వచ్చి గంట తిప్పుకుని, "ఆన్‌లైన్లో ఇంకా తక్కువకు ఉంది" అని పోతాడు. అవన్నీ నిజాలే. మంచి డీలర్లను కూడా చూశాను. ఒకాయన నా స్నేహితుడితో, "ఈ బండికి టైమింగ్ బెల్టు మార్చే గడువు దాటింది, కొన్నవారంలోనే మార్పించుకోండి, తెగితే ఇంజన్ మొత్తం పోతుంది, ఆ ఖర్చు ధరలోంచి తీసేస్తున్నాను" అని తనంత తనే చెప్పి రసీదు వెనక రాసిచ్చారు. ఆ కారు ఇప్పటికీ నడుస్తోంది. ఆ స్నేహితుడు ఆ తర్వాత ఆయన దగ్గరికి మరో ముగ్గుర్ని పంపాడు.

నిజానికి ఈ ఉత్తరం అలాంటి ఆయన కోసం కూడా. 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీద ఒక చిన్న వ్యాసం రాశారు. అచ్చయ్యేముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో ఆయనకు నోబెల్ రావడానికి ప్రధాన కారణం ఆ వ్యాసమే. అందులో చెప్పింది మీకు రోజూ అనుభవమయ్యేదే. ఏది మంచి బండో ఏది చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి అన్నిటికీ కలిపి ఒక నడిమి ధరే ఇవ్వడానికి సిద్ధపడతాడు. మంచి బండి ఉన్నవాడికి ఆ ధర గిట్టదు, వాడు బజారు నుంచి తప్పుకుంటాడు. మిగిలిన వాటిలో చెడ్డవి ఇంకా ఎక్కువ, దాంతో కొనేవాడి ధర ఇంకా దిగుతుంది. బండిని నిజాయితీగా బాగుచేసి, నిజం చెప్పి అమ్మే డీలరు ఈ వరసలో ముందుగా నలిగిపోతాడు. ఆయన చెప్పే నిజమూ పక్క యార్డువాడు చెప్పే అబద్ధమూ నా చెవికి ఒక్కలాగే వినబడతాయి. "ఇంజన్ మీద చెయ్యి పడలేదు" అని ఇద్దరూ అంటారు. సంతకం పెట్టమన్నప్పుడే ఇద్దరూ వేరవుతారు.

అందుకే నేను అడుగుతున్నది ధర తగ్గించమని కాదు, కొత్త కారుకిచ్చే వారంటీ ఇమ్మనీ కాదు. ఒక్క పేజీ కావాలి. బండి ఎవరి దగ్గర కొన్నారు, వేలంలోనా, ఓనరు దగ్గరా. మునిగిందా, గట్టిగా గుద్దుకుందా, లేదా, లేక మీకు తెలియదా. తెలియదనడం కూడా ఒక జవాబే, దాన్ని నేను గౌరవిస్తాను. రీడింగుకి మీరు పూచీ పడతారా లేదా. ఏమేం మార్చారు, ఏం మార్చాల్సి ఉంది. "నేనున్నాను" అన్న మాటకి అర్థం ఎన్ని రోజులు, ఏ భాగాలకు, ఎంత ఖర్చు దాకా. కింద మీ సంతకం, తేదీ. ఇది నింపడానికి పావుగంట పడుతుంది. అమ్మకం మాటలు చెప్పడానికి మీకు పట్టేది అంతకంటే ఎక్కువే.

మీకు సంఘాలున్నాయి. ఒక్కరు మొదలుపెడితే పక్కవాడికి బేరాలు పోతాయన్న భయం ఉంటే, సంఘంలో అందరూ కూర్చుని ఒకే నమూనా తయారుచెయ్యండి. చట్టం వచ్చి మీ మెడ మీద పెట్టేదాకా ఆగడం ఎందుకు? మీకు వీలైన భాషలో, మీకు తెలిసిన మాటల్లో మీరే రాసుకుంటే, తర్వాత ఎవరో మీ పని తెలియనివాళ్ళు రాసిన దానికంటే అది మీకు బాగా నప్పుతుంది.

మా నాన్నగారు పోయి రెండేళ్ళయింది. ఆ తెల్ల కారును నేను ఇంకెవరికీ అమ్మలేదు. అమ్మాలంటే మునిగిందని చెప్పి తీరాలి, చెబితే కొనేవాళ్ళు లేరు. ఆఖరికి తుక్కుకిచ్చేశాను. ఆ సీటు బెల్టు ముక్క మాత్రం మెకానిక్ చేత కోయించి ఇంట్లో ఉంచుకున్నాను. కారు కొంటామని ఎవరైనా సలహాకి వస్తే ముందు అదే తీసి చూపిస్తాను.

నేను పైన చెప్పిన స్నేహితురాలి కూతురికి మొన్ననే ఉద్యోగం వచ్చింది. రాత్రి షిఫ్టు, ఇంటికి తిరిగొచ్చేసరికి తెల్లవారుతుంది. మొదటి జీతాలు కూడబెట్టి పాత కారు కొనుక్కోవాలనుకుంటోంది. వచ్చే శనివారం ఉదయం మీలో ఒకరి దగ్గరికి మేం ముగ్గురం వస్తున్నాం, మెకానిక్‌తో కలిపి నలుగురం. నచ్చితే ఆరోజే అడ్వాన్సు ఇస్తాం, ధర మీద పీడించం. ఆ పేజీ సిద్ధంగా ఉంచండి. మేం వచ్చేదాకా దయచేసి ఇంజన్ స్టార్ట్ చెయ్యకండి.

ఇట్లు,
పాత కారు కొన్న ఒక మనిషి